కొవ్వు కొలత ఎంతవరకు నిజం?

ఈ రోజుల్లో మన ఆడపిల్లలు పరుగుపందాలనీ, బాడ్మింటననీ, కుస్తీలనీ మైదానాలకు వెళుతున్నారు. చూడ ముచ్చటగా ఉంది. అయితే అక్కడ ఒక మాట తరచు వినిపిస్తోంది. "మీ అమ్మాయి ఒంట్లో కొవ్వు ఇరవై శాతం ఉందండీ, ఇంకో రెండు శాతం తగ్గాలి" అంటారు శిక్షకులు. ఆ రాత్రి నుంచే పిల్ల కంచంలో అన్నం సగమైపోతుంది. అసలు ఆ ఇరవై అన్న అంకె ఎలా వచ్చింది? దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? తల్లులుగా మనం తెలుసుకోవలసిన సంగతి ఇది.

బరువొక్కటే చూస్తే మోసపోతాం కనుకనే కొవ్వు కొలవడం మొదలయింది. 1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెంకే, మరొకరితో కలిసి 25 మంది అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లను పరీక్షించాడు. ఎత్తూ బరువుల పట్టిక ప్రకారం వాళ్లలో 17 మంది లావు ఎక్కువై సైన్యానికి పనికిరానివాళ్లే. తీరా చూస్తే, వాళ్లలో చాలామంది ఒంట్లో ఉన్నది కొవ్వు కాదు, కండ!

ఆయన వాడిన పద్ధతి మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. నెయ్యి నీళ్లమీద తేలుతుంది కదా! కొవ్వు నీటికంటే తేలిక, కండా ఎముకా బరువు. మనిషిని బయట ఒకసారి, నీళ్లలో ముంచి ఒకసారి తూచి, తేడానుబట్టి కొవ్వు లెక్కకడతారు. కాని ఈ లెక్క అందరి ఎముకలూ కండలూ ఒకేలా ఉంటాయని అనుకుని కట్టేది. ఎముక గట్టిగా ఉన్న కొందరు ఆటగాళ్లకు కొవ్వు సున్నా కంటే తక్కువని వచ్చింది. డబ్బాలో బియ్యం సున్నా కంటే తక్కువ ఉన్నాయంటే నమ్ముతామా?

ఇక రెండోది, చేతి వెనకా నడుం దగ్గరా చర్మాన్ని పట్టుకారులాంటి పరికరంతో పట్టి మందం చూడటం. పట్టే చెయ్యి మారితే అంకె మారుతుంది. పైగా ఆ మందాన్ని శాతంగా మార్చే సూత్రాలున్నాయి. వాటిలో బాగా పేరున్న ఒకటి, స్కాట్లండులోని గ్లాస్గోలో 481 మంది స్త్రీ పురుషుల్ని కొలిచి 1974లో ప్రకటించినది. పక్కింటావిడ కొలతకు కుట్టిన జాకెట్టు మన పిల్లకు సరిగ్గా పట్టాలని ఎక్కడుంది?

మూడోది, కాళ్లకింద పెట్టుకుని నిలబడే కరెంటు యంత్రం. ఒంట్లో నీరున్న చోట కరెంటు సులువుగా పారుతుంది, కొవ్వు అడ్డుకుంటుంది. అందుచేత చెమటలు కక్కే సాధన అయ్యాక నీళ్లు తాగకుండా ఎక్కితే, లేని కొవ్వు ఉన్నట్టు చూపించవచ్చు. డెక్సా అనే ఎక్స్‌రే పరీక్ష వీటికంటే మెరుగే. అయినా యంత్రం మారితే ఫలితమూ కొంత మారుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. 55 కిలోల అమ్మాయికి ఇరవై శాతమంటే 11 కిలోల కొవ్వు. కొలతలో నాలుగు శాతం అటూ ఇటూ తేడా రావడం వింతేమీ కాదు. అంటే అసలు కొవ్వు తొమ్మిది కిలోల లోపైనా కావచ్చు, పదమూడు దాటైనా ఉండవచ్చు. అటువంటప్పుడు రెండు శాతం కోసం పిల్లను పస్తు పెట్టడం ఏం న్యాయం?

తిండి చాలని క్రీడాకారిణికి ముందు నెలసరి తప్పుతుంది, తరువాత ఎముకలు బలహీనపడి చిట్లుతాయి. 1997లో అమెరికా కాలేజీల్లో ముగ్గురు కుస్తీ విద్యార్థులు బరువు తగ్గించుకోబోయి ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఆ తరువాత అక్కడ పద్ధతి మార్చారు. ముందు మూత్ర పరీక్ష చేసి ఒంట్లో నీరు చాలినంత ఉందని తేలాకే కొవ్వు కొలిచి, ఇంతకంటే కిందికి దిగకూడదని హద్దు పెడతారు.

కొలతలు అసలు వద్దని కాదు నేననేది. ఒకే మనిషి, ఒకే పరికరంతో, పొద్దున్నే పరగడుపున కొలిస్తే, కొన్ని నెలల్లో హెచ్చిందా తగ్గిందా అన్నది కొంతవరకు తెలుస్తుంది. శిక్షకులు అంకె చెప్పినప్పుడు, దేంతో కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని మర్యాదగానే అడగండి. పిల్లకు నెలసరి వరసగా మూడు నెలలు రాకపోతే మాత్రం ఆటల అలసటేలే అని సరిపెట్టుకోక డాక్టరుకు చూపించండి. అంతవరకూ ఆమె కంచంలో అన్నమూ పప్పూ పెరుగూ తగ్గనివ్వకండి.