నారా నగరానికి భట్టిప్రోలు మీదుగా

నిరుడు ఒక విద్యార్థి జపాను దేశపు నారా నగరాన్ని గూర్చిన బొమ్మల పుస్తకం తరగతికి తెచ్చి, "సార్, ఈ ఊరు చూచిరావాలంటే ముందుగా ఏమేమి సిద్ధం చేసుకోవాలి?" అని అడిగాడు. ముందు తెనాలిలో రేపల్లె రైలెక్కాలన్నాము. తరగతి అంతా నవ్వింది. మేము పరిహాసానికి అన్నమాట కాదది.

నారా 710లో జపానుకు రాజధాని అయినది. అచటి తోదాయ్‌జీ ఆలయంలోని బృహద్బుద్ధ విగ్రహానికి 752లో నేత్రోన్మీలనం చేసినవాడు బోధిసేనుడనే భారతీయ భిక్షువు. మన ఆచార్య నాగార్జునుని ఆ దేశపు బౌద్ధులు ర్యూజు అన్న పేరుతో తమ ఆదిగురువులలో ఒకనిగా తలుస్తారు. నారాకు సమీపాన హోర్యూజీ అనే ఆలయమున్నది. దాని ఐదంతస్తుల కొయ్యగోపురం ప్రపంచంలో నేటికి నిలిచియున్న అతి ప్రాచీన దారునిర్మాణాలలో ఒకటి. యాత్రికులు దానిని తలయెత్తి చూస్తారు. కాని ఆ గోపురానికి ప్రాణం పైన లేదు, క్రింద ఉన్నది. నడిమి స్తంభపు మొదట, నేలలోపల, ఒక పాత్రలో మరొక పాత్రగా అమర్చిన ధాతుపేటిక ఉన్నది. 1926లో అది కంటబడినది. పిదప పరిశీలించి తిరిగి అక్కడే ఉంచారు.

అనగా గోపురమనేది రూపు మారిన స్తూపమే. మన ఇటుక గుమ్మటం చీనాలో అంతస్తులుగా పెరిగి, కొరియా మీదుగా జపానుకు పోయి కొయ్యలో నిలబడినది. మన స్తూపం మీది ఛత్రాలు అక్కడ శిఖరాన లోహవలయాలై మిగిలాయి. ఈ సంగతి తెలియక నారాకు పోయినవారికి జింకలు మాత్రం బాగా కనబడతాయి.

ఇక భట్టిప్రోలు. తెనాలి-రేపల్లె శాఖామార్గంలో అదొక చిన్న స్టేషను. కొన్నేళ్ళ క్రిందట ఇరవైమంది విద్యార్థులను వెంటబెట్టుకొని, ఏమీ చదువకుండానే అక్కడికి పోయాము. కంచె లోపల పెద్ద ఇటుకదిబ్బ, చుట్టూ గడ్డి. పదిహేను నిమిషాలలో చూడడం అయిపోయినది. "ఇంతేనా సార్?" అని ఒకడు అడిగాడు. మా వద్ద జవాబు లేదు. మిగిలిన పూటంతా చెట్టునీడన పులిహోర తిని తిరిగివచ్చాము. ఆ "ఇంతేనా" అన్నమాట మమ్ములను చాలాకాలం వెంటాడినది.

కనుక యాత్ర రైలుతో మొదలు కారాదు, పుస్తకంతో మొదలు కావాలి. ఇందుకు వేటపాలెం వారికి వెదుకులాట అక్కరలేదు. 1918లో వెలసి, 1929లో గాంధీజీ దర్శించిన సారస్వత నికేతనం ఊరిలోనే ఉన్నది. ఈసారి విద్యార్థులతో రెండు ఆదివారాలు చరిత్ర గ్రంథాల ముందు కూర్చున్నాము. అప్పుడు తెలిసివచ్చినదేమంటే, ఆ దిబ్బలో ఉన్నదానికంటె లేనిది ఎక్కువ. పందొమ్మిదవ శతాబ్దిలో దాని ఇటుకలు రోడ్లకూ, పాలరాళ్ళు కాలువ పనులకూ పోయాయి. మిగిలినదానిని 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించగా నడిమి భాగాన మూడు రాతిపేటికలు దొరికాయి. లోపల స్ఫటికపు భరిణె, బంగారుపూలు, ముత్యాలు, అస్థిశకలం. హోర్యూజీలో నేలక్రింద నేటికీ భద్రంగా ఉన్న అమరికకు పూర్వరూపమిదే. ఇక్కడి పేటికలు క్రీస్తుకు పూర్వపువి.

పేటికల మీది ప్రాకృత శాసనాలను బ్యూలర్ చదివాడు. కుబిరకుడనే రాజు పేరు వాటిలో ఉన్నది. మమ్ము ఆకర్షించినది రాజు కాదు. కుర అనేవాడు, వాని తల్లి, వాని తండ్రి, శివుడనే మరొకడు కలిసి ఒక పేటికను చేయించారు; ఒక గోష్ఠి, అనగా నేటి మాటలో ఒక సంఘం, తన సభ్యుల పేర్లను వరుసగా చెక్కించుకొన్నది. మన కళాశాల సంఘం శిలాఫలకం వంటిదే! ఆ లిపి నుండే తెలుగు లిపి పుట్టినదని కొందరంటారు. పండితులందరూ ఒప్పుకొన్నమాట కాదు. దిబ్బకు ఊరివారు పెట్టిన పేరు మాత్రం పత్రికలో వ్రాయదగినది కాదు.

ప్రయాణం సులభమే. వేటపాలెంలో ఉదయపు పాసింజరు అందుకొని, చీరాల, బాపట్ల దాటి తెనాలిలో దిగి బండి మారాలి. బస్సు కావాలనేవారు బాపట్ల మీదుగా రేపల్లె చేరి వెనుకకు రావచ్చు. మార్గశిర పుష్యమాసాలు అనుకూలం. నీళ్ళు, గొడుగు, శాసనపాఠం వ్రాసుకొన్న నోటుపుస్తకం మరువరాదు.

రెండవనాడు గుంటూరు మీదుగా అమరావతి. మాకొక చిక్కు వచ్చినది. మా కళాశాలకు శుక్రవారం సెలవు. అక్కడి మ్యూజియానికీ అదే సెలవు. రెండు రోజుల అనుమతికి మూడు అర్జీలు వ్రాయవలసివచ్చినది. అమరావతిలోనూ స్తూపం అడుగు మాత్రమే మిగిలినది. 1797లో కాలిన్ మెకంజీ చూచిన మహాచైత్యపు శిల్పాలు నేడు ఎక్కువభాగం చెన్నై ఎగ్మూరు మ్యూజియంలోనూ, లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి.

ఈసారి భట్టిప్రోలు దిబ్బ మీద మూడు గంటలున్నాము. విద్యార్థులు దిబ్బ చుట్టూ అడుగులతో కొలిచారు. కుర తల్లిదండ్రుల నుండి మొదలుపెట్టి ఆ పేర్లన్నీ ఒక అమ్మాయి పైకి చదివినది. అప్పుడు నారా పుస్తకం తెచ్చిన కుర్రవాడు, ఆ అస్థిశకలం ఇప్పుడెక్కడున్నదని అడిగాడు. 1920లో కలకత్తాలో మహాబోధి సభవారు కట్టించిన ధర్మరాజిక విహారంలో నెలకొల్పారని చెప్పాము. వాడు నోటుపుస్తకం తీసి, నారాకు పైన కలకత్తా అని వ్రాసుకొన్నాడు.