ఏఐ ఏజెంట్‌కి "డిలీట్" పని అప్పజెప్తున్నారా? ముందు ఇది చదవండి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున్నే నా ఏఐ ఏజెంట్‌తో "ఇవాళ అమ్మ ఫిజియోథెరపీ లేదు, క్యాలెండర్‌లోంచి తీసెయ్" అన్నాను. రెండు సెకన్లలో "తీసేశాను" అని రిప్లై వచ్చింది. తర్వాతి మంగళవారం రిమైండర్ మోగలేదు. నేను ఆఫీసులో మీటింగ్‌లో ఉన్నాను, అమ్మేమో ఇంట్లో చీర మార్చుకుని నా కోసం ఎదురుచూస్తూ కూర్చుంది. చూస్తే, ఆ ఒక్క రోజుది కాదు, ప్రతి మంగళవారం వచ్చే మొత్తం సిరీస్‌నే తీసేసింది.

తప్పు ఏజెంట్‌ది అని తిట్టుకున్నాను గానీ, ఆ డిలీట్ టూల్‌ను గూగుల్ క్యాలెండర్‌కి కనెక్ట్ చేసింది నేనే. దానికి నేను రాసిన వివరణ ఒక్కటే లైన్: "క్యాలెండర్ ఈవెంట్‌ను డిలీట్ చేస్తుంది." అసలు సమస్య అక్కడే ఉంది.

ఏజెంట్‌కి ఏం కనిపిస్తుంది?

మనం రాసిన కోడ్ ఏఐ మోడల్‌కి కనిపించదు. టూల్ పేరు, దాని వివరణ, ఇవ్వాల్సిన వివరాల లిస్టు, అంతే. ఆంత్రోపిక్ 2024 నవంబర్‌లో విడుదల చేసిన ఎంసీపీ పద్ధతిలోనూ ఇదే తీరు. అంటే మామూలు డాక్యుమెంటేషన్ మనుషులు చదివే మాన్యువల్ అయితే, ఇక్కడ ఆ వివరణే ఏజెంట్‌కి దారి చూపేది. అందులో లేనిది అది ఊహించుకుంటుంది.

ఎక్కడ దెబ్బ తిన్నాను?

గూగుల్ క్యాలెండర్‌లో డిలీట్ చేయాలంటే రెండు వివరాలు తప్పనిసరి: ఏ క్యాలెండర్, ఏ ఈవెంట్ ఐడీ. ప్రతి వారం వచ్చే ఈవెంట్‌కి సిరీస్ మొత్తానికి ఒక ఐడీ ఉంటుంది, ఒక్కో రోజుకి వేరే ఐడీ ఉంటుంది. ఈవెంట్ల లిస్టు అడిగేటప్పుడు "సింగిల్ ఈవెంట్స్" అనే ఆప్షన్ ఆన్ చేస్తేనే రోజువారీ ఐడీలు విడివిడిగా వస్తాయి. నేను ఆన్ చేయలేదు. ఏజెంట్ చేతికి సిరీస్ ఐడీ వచ్చింది, దాన్నే డిలీట్ చేసింది. తన లెక్కలో అది కరెక్టే!

ఇంకో విషయం. మీరు పెట్టిన మీటింగ్‌ను డిలీట్ చేస్తే అందరికీ రద్దయిపోతుంది. మీరు గెస్ట్ మాత్రమే అయితే మీ క్యాలెండర్‌లోంచే పోతుంది. గెస్టులకు మెయిల్ వెళ్లాలా వద్దా అనేది "సెండ్ అప్‌డేట్స్" చూసుకుంటుంది: అందరికీ, గూగుల్ క్యాలెండర్ వాడని వాళ్లకు మాత్రమే, ఎవరికీ వద్దు. ఇది కూడా వివరణలో రాయకపోతే ఏజెంట్ తనకు తోచింది చేస్తుంది.

ఇప్పుడు నా వివరణ ఇలా ఉంది

"ఒక ఈవెంట్‌ను తీసేస్తుంది. పేరు చూసి ఐడీ ఊహించకు, ముందు వెతికే టూల్‌తో ఐడీ తెచ్చుకో. ఒకే పేరుతో రెండు కనిపిస్తే యూజర్‌ని అడుగు. సిరీస్ ఐడీ ఇస్తే అన్ని రోజులూ పోతాయి, 'మొత్తం తీసెయ్' అని యూజర్ స్పష్టంగా చెప్తేనే అది వాడు. గెస్టులు ఉంటే మెయిల్ పంపాలా అని అడుగు. పని జరిగితే జవాబు ఖాళీగా వస్తుంది, అది ఎర్రర్ కాదు. 410 వస్తే ఈవెంట్ ఇంతకుముందే డిలీట్ అయిందని అర్థం, మళ్లీ ప్రయత్నించకు."

చివరి రెండు మాటలు చిన్నవే అనిపిస్తాయి. కానీ ఖాళీ జవాబు చూసి పని కాలేదనుకుంటే, ఏజెంట్ ఇంకో ఈవెంట్ మీద పడే ప్రమాదం ఉంది.

ఎంసీపీలో "డిస్ట్రక్టివ్ హింట్" అనే గుర్తు కూడా పెట్టొచ్చు. ఈ టూల్ డేటాను చెరిపేయగలదు అని యాప్‌కి చెప్పడం అన్నమాట. అయితే అది సూచన మాత్రమే, తాళం కాదు. అందుకే డిలీట్‌కి ముందు తేదీ, టైమ్, పేరు చూపించి "ఓకేనా?" అని అడిగే స్టెప్ యాప్‌లోనే పెట్టేశాను.

కోడింగ్ రానివాళ్లు ఏం చేయాలి?

ఏ ఏజెంట్ యాప్‌కైనా క్యాలెండర్ పర్మిషన్ ఇచ్చేటప్పుడు, చూడటానికి మాత్రమే అడుగుతోందా, మార్చడానికీ చెరపడానికీ కూడా అడుగుతోందా గమనించండి. ప్రతి వారం వచ్చే ఒక ఉత్తుత్తి ఈవెంట్ పెట్టి, ఒక్క రోజుది తీసేయమనండి. తర్వాతి వారానిది మిగిలిందో లేదో చూస్తే దాని సంగతి తెలిసిపోతుంది.

పొరపాటున పోతే కంగారు పడొద్దు. కంప్యూటర్‌లో గూగుల్ క్యాలెండర్ తెరిచి, సెట్టింగ్స్ గేర్ గుర్తు కింద ట్రాష్‌లో చూడండి. డిలీట్ అయినవి దాదాపు 30 రోజులు అక్కడ ఉంటాయి. మా అమ్మ సిరీస్ అక్కడే దొరికింది. అయినా ఇప్పుడు ఆవిడ సోమవారం రాత్రే "రేపు ఉందా, లేదా?" అని నన్నే అడుగుతోంది. ఆ నమ్మకం మాత్రం ట్రాష్‌లో దొరకలేదు.