బ్రౌజర్ల పోరులో తెలుగు అక్షరం

ఆత్మకూర్ అన్న ఊరి పేరు చదువరి కంటికి నాలుగు అక్షరాలుగానే కనిపించినా, కంప్యూటర్‌లో అది ఎనిమిది సంకేతాల వరుసగా నిలవ ఉంటుంది: ఆ, త, పొల్లు, మ, క, కొమ్ముదీర్ఘం, ర, మళ్లీ పొల్లు. ఈ వరుసను చదివి, తకారానికి మ ఒత్తును చేర్చి, కకారానికి కొమ్ముదీర్ఘాన్ని తగిలించి, చివరి రకారానికి తలకట్టు తీసి పొల్లు పెట్టి తెర మీద పేర్చే పనిని అక్షరాల కూర్పు అనవచ్చు. ఇంగ్లిషు అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పెడితే చాలు కాబట్టి వాటికి ఈ కూర్పుతో పెద్దగా పనిలేదు. అందుకే వెబ్ పేజీలను తెచ్చి చూపించే బ్రౌజర్లను మొదట తయారుచేసినవారు దాని గురించి అంతగా ఆలోచించలేదు. బ్రౌజర్ల పోటీ చరిత్రను సాధారణంగా కంపెనీల జయాపజయాలుగా, మార్కెట్ వాటాల లెక్కలుగా చెబుతారు. అదే చరిత్రను తెలుగు అక్షరం వైపు నుంచి చూస్తే విజేతలూ పరాజితులూ కొంత తారుమారవుతారు, పోటీ ఎప్పుడు మేలు చేసిందో ఎప్పుడు చేయలేదో కూడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

వెబ్‌కు రూపమిచ్చిన టిమ్ బెర్నర్స్-లీ 1990లో స్విట్జర్లాండ్‌లోని సెర్న్ పరిశోధన కేంద్రంలో తొలి బ్రౌజర్‌ను రాశాడు. 1993లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో తయారైన మొజాయిక్ బొమ్మలనూ అక్షరాలనూ ఒకే పేజీలో చూపించి సామాన్యులను వెబ్ వైపు లాగింది. దాన్ని రాసినవారిలో ఒకరైన మార్క్ ఆండ్రీసన్ భాగస్వామిగా ఏర్పడిన నెట్‌స్కేప్ సంస్థ 1994 చివర్లో నావిగేటర్‌ను విడుదల చేయగా, మైక్రోసాఫ్ట్ 1995 ఆగస్టులో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌తో బరిలోకి దిగింది. పేజీలకు కదలిక నేర్పే జావాస్క్రిప్ట్ భాషను నెట్‌స్కేప్ ఉద్యోగి బ్రెండన్ ఐక్ 1995 మే నెలలో పది రోజుల్లో రాశాడంటే ఆనాటి తొందర అర్థమవుతుంది. ఆ తొందరలో ప్రతి పక్షమూ ఎదుటివారి దగ్గర లేని సౌకర్యాన్ని ముందుగా తెచ్చి, అది తమ బ్రౌజర్‌లో మాత్రమే పనిచేసేలా చూసుకోవడానికే మొగ్గు చూపింది.

ఆ పద్ధతి తెలుగుకు నేరుగా తగిలిన చోటు ఫాంట్లు. 1990ల చివర తెలుగు పత్రికలు వెబ్‌కు చేరేనాటికి, ప్రపంచ భాషలన్నిటి అక్షరాలకూ ఒకే సంకేత పట్టికను ఏర్పరచే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, దాన్ని తెర మీద కూర్చి చూపగల సాధనాలు సామాన్య పాఠకుడి కంప్యూటర్‌లో లేవు. అందువల్ల ఈనాడు, వార్త, ఆంధ్రజ్యోతి వంటి పత్రికలు దేనికది వేరే ఫాంటును వాడి, ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను పెట్టి నెట్టుకొచ్చాయి. ఫాంటు ఉన్నచోట ఆ పేజీ చక్కటి తెలుగు. లేనిచోట అర్థంలేని ఇంగ్లిషు గుర్తుల గందరగోళం. ఫాంటు పేజీతో పాటే దానంతటది దిగివచ్చే ఏర్పాటును 1997లో రెండు కంపెనీలూ తెచ్చాయి గాని, నెట్‌స్కేప్ బిట్‌స్ట్రీమ్ సంస్థ పద్ధతినీ, మైక్రోసాఫ్ట్ తన సొంత పద్ధతినీ ఎంచుకోవడంతో ఒకదానికి తయారుచేసిన ఫాంటు ఫైలు మరొకదానిలో పనిచేయలేదు. ఒకే వార్తకు రెండు రకాల ఫైళ్లు సిద్ధం చేయవలసిన భారం పత్రికల మీద పడింది. నెట్‌స్కేప్ వెనకబడి, దాని వారసురాలైన మొజిల్లా ఆ పాత పద్ధతిని వదిలేశాక, ఆ కష్టంలో సగం వృథా అయింది.

ఇంతకన్నా లోతైన నష్టం మరొకటి జరిగింది. పాత ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతంలోనే ఆత్మకూర్ పేరుతో మూడు మండలాలు ఉన్నాయి (ఇప్పుడవి వనపర్తి, యాదాద్రి భువనగిరి, సూర్యాపేట జిల్లాల్లో ఉన్నాయి, నల్గొండ వైపు రెండింటినీ వేరుచేయడానికి రికార్డుల్లో పేరు పక్కన ఎం, ఎస్ అని పొడి అక్షరాలు తగిలిస్తారు), ఆంధ్రప్రదేశ్‌లో అదే పేరుగల ఊళ్లు మరికొన్ని ఉన్నాయి. ఇన్ని ఆత్మకూర్లలో ఏదో ఒకదాని గురించి ఒక పత్రికలో వచ్చిన వార్తను ఆ రోజుల్లో వెతికి పట్టుకోవడం అసాధ్యమే, ఎందుకంటే ఒక్కో పత్రిక ఫాంటులో ఆ పేరు ఒక్కో రకం ఇంగ్లిషు గుర్తుల గుంపుగా నిలవ ఉండేది. చదవగలిగినా వెతకలేని తెలుగు అది.

దీనికి విరుగుడు పెద్ద కంపెనీల నుంచి రాలేదు. తెలుగు వికీపీడియాను 2003 డిసెంబరులో మొదలుపెట్టిన వెన్న నాగార్జున, మొజిల్లా కుటుంబపు బ్రౌజర్లకు జోడించుకునే పద్మ అనే పొడిగింపును రాశారు; అది పత్రికల సొంత ఫాంట్లలోని పాఠాన్ని తెరిచిన పేజీలోనే యూనికోడ్‌లోకి మార్చి చూపేది. ఇంగ్లిషు కీబోర్డు మీద తెలుగు రాయడానికి ఎన్నో ఏళ్లుగా చాలామంది బ్లాగర్లకు చేతికర్రలా నిలిచిన లేఖిని కూడా పద్మ పునాది మీద కట్టినదే. మొజిల్లా వారి ఫైర్‌ఫాక్స్ 2004 నవంబరులో విడుదలై ఎక్స్‌ప్లోరర్ గుత్తాధిపత్యాన్ని సవాలు చేసినప్పుడు దాని కోడ్ అందరికీ తెరిచి ఉండటం, బయటివారు పొడిగింపులు రాయడానికి వీలివ్వడం అనే రెండు గుణాలు తెలుగుకు ఇలా అక్కరకొచ్చాయి. ఆ తెరిచిన కోడ్‌కు మూలం నెట్‌స్కేప్ ఓటమే; ఓడిపోతున్న సంస్థ 1998 మార్చి 31న తన బ్రౌజర్ కోడ్‌ను లోకానికి ఇచ్చేసింది.

అయితే ఈ కథలో ఫైర్‌ఫాక్స్‌ను నాయకుడిగా, ఎక్స్‌ప్లోరర్‌ను ప్రతినాయకుడిగా నిలబెట్టడం తెలుగు పాఠకుడి అనుభవానికి సరిపోదు. మైక్రోసాఫ్ట్ 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటునూ, భారతీయ లిపుల కూర్పును చూసే భాగాన్నీ ఇచ్చింది. దాన్ని వాడుకున్న ఎక్స్‌ప్లోరర్ ఒత్తులను సరిగా పేర్చేది. ఆ సదుపాయాన్ని కంప్యూటర్‌లో పూర్తిగా తెరవాలంటే భాషల అమరికలోకి వెళ్లి ఒక గడిలో టిక్కు పెట్టి ఎక్స్‌పీ సీడీని డ్రైవులో వేయవలసి వచ్చేదన్నది వేరే సంగతి. నెట్ సెంటర్లలో ఆ సీడీ దొరకడమే గగనంగా ఉండేది. ఫైర్‌ఫాక్స్ తొలి రూపాలు మాత్రం వరుసలను రెండు అంచులకూ సమానంగా సర్దమని పేజీ ఆదేశించినప్పుడు తెలుగు అక్షరాలను ముక్కలు చేసేవి, అంటే ఆత్మకూర్‌లోని త, పొల్లు, మ మూడూ విడివిడిగా నిలబడేవి. పేజీ రాసేవారు ఆ సర్దుబాటును తీసేయడమే అప్పట్లో అందుబాటులో ఉన్న ఉపాయం. 2008 జూన్‌లో వచ్చిన మూడో రూపంతో ఈ రోగం కుదిరింది. ఎక్స్‌ప్లోరర్ తప్పు మరోచోట ఉంది: 2001 ఆగస్టులో ఆరో రూపాన్ని విడుదల చేసి, సుమారు 95 శాతం మార్కెట్‌ను చేతిలో పెట్టుకున్నాక ఏడో రూపానికి 2006 అక్టోబరు దాకా సమయం తీసుకుంది. ఎదురు లేనప్పుడు పని ఆగిపోయిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

ఆ నిలుపుదల వల్ల కలిగిన ఇబ్బంది ప్రభుత్వ కార్యాలయాల్లో ఇంకా ఎక్కువకాలం కొనసాగింది. ఎక్స్‌ప్లోరర్‌లోనే తెరవండి అన్న సూచన ప్రభుత్వ వెబ్‌సైట్ల అడుగున మామూలైపోయింది. డిజిటల్ సంతకం వంటి పనులకు ఆ బ్రౌజర్ లోపలి ప్రత్యేక సాధనాల మీద ఆధారపడిన వ్యవస్థలు, 2015లో క్రోమ్, 2017లో ఫైర్‌ఫాక్స్ బయటి సాధనాలను బ్రౌజర్‌లో నడిపే పాత ప్లగిన్ల పద్ధతిని తొలగించాక మరింత ఇరుకున పడ్డాయి. మైక్రోసాఫ్టే 2022 జూన్ 15న ఎక్స్‌ప్లోరర్‌కు మద్దతు ముగించింది.

ఈలోగా జిల్లాల్లోని తెలుగు పాఠకుడు కంప్యూటర్ కోసం ఎదురుచూడకుండా చేతి ఫోన్‌తోనే వెబ్‌లోకి వచ్చేశాడు. తెలుగు ఫాంటు లేని మామూలు ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే వరుసగా డబ్బాలే కనిపించేవి. నార్వే దేశపు ఒపెరా సంస్థ మినీ అనే చిన్న బ్రౌజర్‌లో దీనికి విచిత్రమైన పరిష్కారం చూపింది: పేజీని ముందు తన సర్వర్‌లో తెరిచి, కుదించి, ఫోన్‌కు పంపడం దాని పద్ధతి కాబట్టి, అమరికల్లో ఒక మార్పు చేసుకుంటే తెలుగు వంటి లిపుల అక్షరాలను అక్కడే కూర్చి బొమ్మలుగా చేసి పంపేది. బొమ్మగా వచ్చిన అక్షరాన్ని నకలు తీసుకోలేకపోయినా, డేటా ఖర్చు తగ్గి, తక్కువ ధర ఫోన్‌లో తెలుగు చదవగలగడం ఆనాటికి పెద్ద మేలు. గొప్ప ఆవిష్కరణల జాబితాల్లో దీనికి చోటు దక్కకపోవచ్చు గాని, తెలుగు పల్లెల దృష్టితో చూస్తే ట్యాబుల కన్నా, పాపప్ అడ్డంకుల కన్నా విలువైన ఆవిష్కరణ ఇదే.

పోటీ స్వభావం మారింది 2008 తర్వాత. గూగుల్ 2008 సెప్టెంబరు 2న క్రోమ్‌ను తెచ్చి జావాస్క్రిప్ట్ వేగాన్ని పందెంగా పెట్టింది. పేజీతో పాటు ఫాంటును పంపే పాత ఆలోచనను ఆపిల్ సఫారీ 2008లో, ఫైర్‌ఫాక్స్ 2009లో తిరిగి తీసుకురాగా, ఈసారి ప్రత్యర్థులందరూ వాఫ్ అనే ఒకే ఫైలు రూపానికి ఒప్పుకున్నారు. పదేళ్ల కిందట పత్రికలను రెండు తోవలకు లాగిన సౌకర్యం ఇప్పుడు అన్ని బ్రౌజర్లకూ ఉమ్మడిదైంది. రామభద్ర, సూరన్న, మండలి వంటి ఉచిత తెలుగు ఫాంట్లు వెబ్ పేజీల్లో విరివిగా కనిపించడానికి దారి తీసింది ఆ ఒప్పందమే. అక్షరాల కూర్పులోనూ ఇదే జరిగింది. హార్ఫ్‌బజ్ అనే ఉచిత కూర్పు యంత్రాంగాన్ని ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్ పంచుకోవడంతో తెలుగు లోపం ఒకచోట సరిచేస్తే అన్నిచోట్లా సరవుతోంది. రెండు ఘట్టాలనూ పక్కపక్కన పెడితే, ప్రమాణం ఉమ్మడిగా ఉండి అమలులో పోటీపడినప్పుడు తెలుగు బాగుపడిందనీ, ప్రమాణాన్నే ఆయుధంగా వాడుకున్నప్పుడు దెబ్బతిన్నదనీ తేలుతుంది.

కాని వేగపు పందెం చివరికి పందెగాళ్లనే తగ్గించింది. పేజీని చదివి తెర మీద పరిచే లోపలి భాగాన్ని ఇంజిన్ అంటారు; 2013లో ఒపెరా తన సొంత ఇంజిన్‌ను వదిలి గూగుల్ నడిపించే క్రోమియం వైపు మళ్లింది. హైదరాబాద్‌లో పుట్టి బేగంపేటలోని పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల నాయకత్వంలో మైక్రోసాఫ్ట్ 2018 డిసెంబరులో అదే నిర్ణయాన్ని ప్రకటించి, 2020 జనవరిలో కొత్త ఎడ్జ్ బ్రౌజర్‌ను విడుదల చేసింది. వ్యాపారపరంగా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం. అయినా నెట్‌స్కేప్‌ను ఓడించిన సంస్థ ప్రత్యర్థి ఇంజిన్‌ను తీసుకోవడంతో విస్తృత వాడుకలో మిగిలిన ఇంజిన్లు మూడయ్యాయి: గూగుల్ బ్లింక్, ఆపిల్ వెబ్‌కిట్, మొజిల్లా గెకో. వీటిలో మూడోదాన్ని నడిపే సంస్థకు ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్ నుంచే వస్తుందన్నది ఈ రంగంలోని వింతల్లో ఒకటి.

భారతీయ ప్రయత్నాలూ ఈ ఏటవాలుకే జారాయి. బెంగళూరులోని హిడెన్ రిఫ్లెక్స్ సంస్థ 2010లో మొజిల్లా పునాది మీద, భారతీయ భాషల్లో టైపు చేసే వసతితో తెచ్చిన ఎపిక్ 2013లో క్రోమియానికి మారింది. తెలుగుతో సహా ఎనిమిది భారతీయ భాషలతో 2020లో వచ్చిన జియోపేజెస్‌కు ఆధారం క్రోమియమే. కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ 2023లో ప్రకటించిన దేశీయ బ్రౌజర్ పోటీలో 2025లో ప్రథమ బహుమతి పొందిన జోహో సంస్థ ఉలాకు కూడా అదే ఆధారం. భారత పోటీ కమిషన్ 2022 అక్టోబరులో ఆండ్రాయిడ్ వ్యవహారంలో గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధిస్తూ ఎత్తిచూపిన విషయాల్లో, ఫోన్లలో క్రోమ్‌ను ముందే పెట్టించి దాని స్థానాన్ని కాపాడుకోవడం ఒకటి. అమెరికా న్యాయస్థానం 2024 ఆగస్టులో గూగుల్ వెతుకులాట గుత్తాధిపత్యం చట్టవిరుద్ధమని తేల్చినా, 2025 సెప్టెంబరులో క్రోమ్‌ను అమ్మివేయాలన్న ప్రభుత్వ కోరికను అంగీకరించలేదు.

ఇంజిన్లు ఒకటికి మించి ఉండటం ఎందుకు అవసరమో 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరమే లోకానికి చూపింది. జ, పొల్లు, ఞ ల తర్వాత అక్షరాలను విడదీసే ఒక అదృశ్య సంకేతాన్నీ, ఆపై దీర్ఘాన్నీ ఉంచిన వరుస (జ్ఞానం అని మామూలుగా రాసినప్పుడు ఆ అదృశ్య సంకేతం రాదు) ఆపిల్ ఫోన్లకు చేరితే, సందేశాల యాప్ మొదలుకొని దాన్ని తెర మీద చూపబోయిన చాలా యాప్‌లు కూలిపోయాయి. దాన్ని కొందరు ఆకతాయితనానికి వాడుకుని ఇతరుల ఫోన్లను స్తంభింపజేశారు. ఆపిల్ ఆ నెల 19న తన ఫోన్ సాఫ్ట్‌వేర్ 11.2.6 రూపంతో సరిదిద్దింది. లోపం ఆపిల్ సొంత కూర్పు యంత్రాంగంలోనిది, తెలుగులోది కాదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో అదే వరుస ఏ గొడవా లేకుండా కనిపించింది. ప్రపంచమంతా ఆ ఒక్క యంత్రాంగం మీదే నడుస్తూ ఉంటే తప్పించుకునే చోటు ఎవరికీ ఉండేది కాదు. ఐఫోన్ వాడేవారికి ఆ చోటు నిజంగానే లేకపోయింది, ఎందుకంటే ఆపిల్ నియమం ప్రకారం ఐఫోన్‌లోని క్రోమ్, ఫైర్‌ఫాక్స్ కూడా పైకి వేరే పేరు పెట్టుకున్నా లోపల వెబ్‌కిట్‌నే వాడాలి. ఐరోపా సమాఖ్య చట్టం ఒత్తిడితో 2024 మార్చిలో ఆపిల్ ఆ ప్రాంతంలో వేరే ఇంజిన్లకు అనుమతినిచ్చింది. ఆ సడలింపు భారతదేశానికి వర్తించలేదు.