గచ్చు మీదికి వచ్చిన వాక్యూమ్ క్లీనర్

వాక్యూమ్ క్లీనర్ తివాచీల కోసం పుట్టిన యంత్రం. 1901లో బ్రిటిష్ ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్ రూపొందించిన యంత్రం ఇంట్లో పట్టేది కాదు. గుర్రపు బండి మీద వచ్చి వీధిలోనే ఆగేది. పెట్రోలు ఇంజనుతో పంపు ఆడుతుంటే, పొడవాటి గొట్టాలను కిటికీల్లోంచి లోపలికి లాక్కెళ్ళి తివాచీల దుమ్ము పీల్చేవారు.

దాన్ని మనిషి చేతికి అందించిన ఘనత అమెరికాలోని కాంటన్ పట్టణవాసి జేమ్స్ ముర్రే స్పాంగ్లర్‌ది. ఒక దుకాణంలో ఊడ్చే పని చేసే ఆయనకు ఉబ్బసం. తివాచీల నుంచి లేచే దుమ్ము పడేది కాదు. 1907లో ఫ్యాను మోటారు, సబ్బుల పెట్టె, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి ఆయనే యంత్రం కట్టుకున్నాడు. మరుసటి ఏడాది పేటెంటు వచ్చింది. హక్కులు కొన్న విలియం హూవర్ అమ్మకానికి పెట్టిన తొలి మోడల్ బరువు సుమారు 18 కిలోలు. 1926లో హూవర్ యంత్రాలకు తివాచీని కొట్టి దులిపే కమ్మీలు కూడా చేరాయి.

గచ్చుకు ఈ కొట్టుడు అక్కర్లేదు. నాపరాయి, మార్బుల్, టైల్స్ మీద ధూళి పైపైనే ఉంటుంది. గట్టి కుచ్చుల బ్రష్షు వేగంగా తిరుగుతూ బియ్యపు గింజను తాకితే, గాలి దాన్ని అందుకునేలోపే గింజ ఎగిరి అవతల పడుతుంది. మూతి ముందు అంచు నేలకు ఆనుకుని ఉంటే ఇంకో చిక్కు: గింజ లోపలికి పోకుండా ముందుకు దొర్లుతుంది. మెత్తని బట్టలాంటి రోలరు ఈ రెండింటికీ మందు. అది గింజల మీదుగా ఒదిగి వాటిని లోపలికి తోస్తుంది, సన్నటి పొడినీ తుడిచి తెస్తుంది. టైల్స్ సందుల్లోని మట్టిని మాత్రం గాలి ప్రవాహమే లాగాలి.

ఈ యంత్రాల బరువు తగ్గడం వెనుక ఉన్న కథ మోటారుది. పీల్చే ఒత్తిడి ఫ్యాను అంచు తిరిగే వేగాన్ని బట్టి ఉంటుంది. ఫ్యాను వ్యాసం సగం చేసి, తిరిగే వేగం రెట్టింపు చేస్తే అంచు వేగం మారదు. 2018లో వచ్చిన డైసన్ వి10 మోటారు నిమిషానికి 1,25,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఇలాంటి చిన్న మోటారుకు లిథియం అయాన్ బ్యాటరీ తోడై తీగ అవసరం లేకుండా పోయింది.

కొనేటప్పుడు మొత్తం బరువుతో పాటు అది ఎక్కడ ఉందో చూడాలి. మోటారు పిడి దగ్గరుంటే మంచం కింద, బీరువా పైన తేలిక. కానీ ఆ భారమంతా మణికట్టుదే. మోటారు కిందున్నవి గది నిండా నెట్టడానికి సుఖం. పెట్టె మీది వాట్లు ఎంత కరెంటు తాగుతుందో చెబుతాయే తప్ప ఎంత పీలుస్తుందో చెప్పవు. గచ్చుకు సాధారణ వేగమే చాలు, బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. బయటికి వచ్చే గాలి నేలవైపు కొట్టే మోడల్ వద్దు. పీల్చకముందే ధూళిని చెదరగొడుతుంది. చక్రాలకు రబ్బరు ఉంటే మార్బుల్ మీద గీతలు పడవు. ఉబ్బసం ఉన్నవాళ్ళ ఇంటికి సన్నటి ధూళిని ఆపే హెపా ఫిల్టరు తప్పనిసరి అనుకోవడమే మంచిది. కడగదగిన ఫిల్టరైతే పూర్తిగా ఆరాకే బిగించాలి. పొడి చెత్తకు చేసిన యంత్రాన్ని తడి నేల మీద నడిపితే మోటారు పాడవుతుంది. తడిగుడ్డ పని తడిగుడ్డదే.