పడవ రేవునకు తేలెడి వాలుబల్ల

గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయలలో సముద్రమునకు చేరువగానున్న లంక గ్రామములలో కొన్నింటికి వంతెనలు వచ్చినను, పెక్కింటికి నేటికిని పడవయే దారి. బడికి పోవు పిల్లలు, అరటిగెలలు మోయు కూలీలు, ఆసుపత్రికి చేర్చవలసిన గర్భిణులు మోకాలిలోతు బురదలో దిగి పడవ నెక్కవలసి వచ్చుచున్నది. చిన్న కొయ్య వాలుబల్ల ఈ కష్టమును చాలవరకు తీర్చగలదు. కాని దానిని కట్టు తీరు పంచాయతీ సభ్యులు ముందుగా తెలిసికొనవలెను.

మేము చూచిన ఒక రేవులో గట్టునుండి నీటిలోనికి గుంజలు పాతి, వాటిపై పలకలు బిగించిరి. పోటు వేళ వాలు చివర మునిగిపోయెడిది. పాటు వేళ పడవ దానిని చేరలేక బురదలోనే ఆగెడిది. ఏడాది తిరుగక మునుపే జనము పాత దారిని పట్టిరి. ఇందులో వడ్రంగి తప్పేమియు లేదు. గోదావరి ముఖద్వారముల కడ పౌర్ణమి, అమావాస్యల నాడు నీరు ఒక మీటరుకు పైగా, రోజునకు రెండుమారులు, హెచ్చి తగ్గుచుండును. కదలని వాలు కదలెడి నీటికి సరిపడదు.

కావున వాలుబల్ల పైకొనను గట్టున పాతిన దూలమునకు మడతబందులతో తగిలించి, క్రిందికొనను పీపాలపై తేలెడి తెప్పమీద ఆనించవలెను. క్రిందికొనను తెప్పకు బిగింపరాదు. నీటితోపాటు కొంచెము ముందు వెనుకలకు జరుగనీయవలెను. తెప్ప కొట్టుకొనిపోకుండ ఇరుప్రక్కల గుంజలు పాతి, వాటి వెంట లేచి దిగునట్లు ఇనుప కడియములు వేయవలెను. ఆ గుంజలు పెద్ద పోటునకును మునుగనంత ఎత్తుండవలెను. అమావాస్య పాటు వేళ కర్రతో లోతు కొలిచి, అప్పుడును తెప్ప నేలను తాకని చోటునే ఎన్నుకొనవలెను.

గట్టునుండి తెప్పకు ఒక మీటరు దింపున్నచో బల్లకు ఆరు మీటర్ల పొడవు కావలెను. అంతకన్న నిటారైనచో నెత్తిన బరువున్నవారికి కాలు నిలువదు. పలకలపై అడుగున కొక్క అడ్డబద్దయు, ఒక ప్రక్క నడుమెత్తున చేతికర్రయు ఉండవలెను. తారు అడుగు భాగమునకే పూయవలెను. నడచు తలమున పూసినచో ఎండకు కరగి జారును. ఉప్పునీటికి మామూలు మేకులు త్వరలో తుప్పుపట్టును గనుక జింకుపూత బోల్టులే వాడవలెను.

200 లీటర్ల పీపా తన బరువు పోగా సుమారు 180 కిలోలు మోయును. అందులో సగమునే నమ్ముట మేలు. అట్లు 12 పీపాలు 1,080 కిలోలు మోయును. పదిమంది మనుష్యులకు 600 పోగా, తక్కిన 480 తెప్ప కొయ్యకును, బల్ల బరువులో సగమునకును సరిపోవును. మోటారు సైకిళ్లను దీనిపైకి రానీయరాదు; వాటికి పంటు రేవు వేరుగా నున్నది.

గట్టును త్రవ్వుటకు ముందు జలవనరుల శాఖవారి అనుమతి పొందవలెను. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడిన వెంటనే, వాలును విప్పి గట్టెక్కించి, తెప్పను లోపలి కాలువలో కట్టివేయవలెను. ఈ పని ఎవరిదో వేసవిలోనే తీర్మానించి ఉంచుట అవసరము. గుంజలు మాత్రము రేవులోనే యుండును. వరద తీసిన పిదప వాటి మొదళ్లను పురుగు తొలిచినదేమో గునపముతో పొడిచి చూచి, పిమ్మటనే వాలును తిరిగి తగిలించవలెను.