మడ తీసి మేడ కడితే...

పెన్షనర్ల స్వర్గమని పేరుపడ్డ ఊరు కాకినాడ. గీత గీసినట్టుండే తిన్నని వీధులు, నీడనిచ్చే చెట్లు, తీరుబడి నడక... 2016 జనవరిలో విశాఖతోపాటు దేశంలోని తొలి 20 స్మార్ట్ సిటీల జాబితాకెక్కింది. మరిప్పుడు భానుగుడి చుట్టుపక్కల పెంకుటిల్లు కనిపిస్తే ఆగి చూడాల్సిందే!

అపార్ట్‌మెంట్లు పైకి పెరుగుతాయి సరే, ఊరు ఎటు పెరగాలి? తూర్పున సముద్రం. దక్షిణాన కోరింగ మడ అడవులు. 2020లో పేదల ఇళ్లస్థలాల కోసం దుమ్ములపేట దగ్గర మడచెట్లు కొట్టి నేల చదును చేశారు. గొడవ జాతీయ హరిత ట్రైబ్యునల్‌ దాకా వెళ్లింది.

నెలనెలా అద్దె కట్టలేక సతమతమయ్యే వాళ్లకు సెంటు స్థలమంటే మాటలు కాదు. అలాగని బురదలో వేళ్లు దింపుకుని నిలబడ్డ ఆ చెట్లూ ఊరికే లేవు. ఉప్పెన ఉరవడిని విరిచేవి అవే. పీతలు, రొయ్యపిల్లలు పెరిగేదీ వాటి మొదళ్లలోనే. వాటిని పట్టుకుని బతికేది మళ్లీ పేదలే! 1839లో కోరింగ రేవును ఉప్పెన తుడిచిపెట్టేసింది. 1996 నవంబరు తుపాను ఈ తీరంలో వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకుంది.

అటు ఉత్తరాన ఉప్పాడలో కడలి ఇళ్లనే కోసుకుపోతోంది. గోడలు కూలిన ఆ మత్స్యకార కుటుంబాలు అడుగుతున్నదీ ఇళ్లస్థలమే. సముద్రానికి మరీ దూరమైతే వేట సాగదు, దగ్గరైతే ఇల్లు నిలవదు.