తిమింగలం చేప అగునా?

1818వ సంవత్సరం డిసెంబరు నెలలో న్యూయార్కు నగర న్యాయస్థానం ఒకదానిలో వింత వ్యాజ్యం విచారణకు వచ్చినది. చేపనూనె పీపాలను ప్రభుత్వ తనిఖీదారు పరీక్షించి రుసుము తీసుకోవలెనని ఆ రాష్ట్రంలో ఒక శాసనం ఉండేది. శామ్యూల్ జడ్ అనే వర్తకుడు తనిఖీ లేకుండానే మూడు పీపాల తిమింగల నూనె కొన్నాడు. తనిఖీదారు జేమ్స్ మారిస్ 75 డాలర్ల జరిమానా కొరకు దావా వేసినాడు. తిమింగలం చేప కాదు గనుక దాని నూనె చేపనూనె కాదని వర్తకుని వాదం. ప్రకృతి శాస్త్రజ్ఞుడు శామ్యూల్ మిచిల్ అతని పక్షాన సాక్ష్యమిస్తూ తిమింగలం చేప కానే కాదన్నాడు. అది ఊపిరితిత్తులతో గాలి పీల్చును, పిల్లలను కని పాలిచ్చును. అయినా జ్యూరీవారు కొద్దిసేపు ఆలోచించి తనిఖీదారు పక్షాననే తీర్పు చెప్పినారు.

అప్పటికి అరవై ఏళ్ల క్రిందటనే, 1758లో, లిన్నేయస్ తిమింగలాలను చేపలనుండి తీసి క్షీరదాలలో చేర్చి ఉన్నాడు. ఆ సంగతి ఎరుగని మూఢులని జ్యూరీవారిని మనం నిందించవచ్చునా? అంత తొందర వద్దు. ఇంగ్లీషులో ‘ఫిష్’ అనే మాటకు పూర్వం నీటిలో బ్రతికే ప్రాణి అనే విస్తృతమైన అర్థం ఉండేది. ఆ మాట శాస్త్రజ్ఞులది కాదు, పడవవాళ్లది, బజారువాళ్లది. శాస్త్రజ్ఞులు దానిని తీసుకొని, అర్థాన్ని కుదించి, మొప్పలు రెక్కలు గల వెన్నెముక ప్రాణులకు పెట్టుకొన్నారు. పాత అర్థం మాత్రం పేర్లలో అట్లే నిలిచిపోయినది. స్టార్‌ఫిష్, జెల్లీఫిష్, కటిల్‌ఫిష్ - వీటిలో ఏ ఒక్కదానికీ వెన్నెముక లేదు. క్రేఫిష్ సంగతి మరీ తమాషా. అది రొయ్యకు చుట్టం. దాని పేరు పాత ఫ్రెంచి మాటనుండి వచ్చినది, అందులో ‘ఫిష్’ లేనే లేదు. వినేవారి చెవికి అట్లు తోచి అతికించినారు. సిల్వర్‌ఫిష్ అయితే నీటిలోనైనా ఉండదు. పాత పుస్తకాల అట్టల జిగురును తినే కీటకం అది.

ఈ పేర్లు మన తరగతి గదులలోకి వచ్చినప్పుడే చిక్కు. స్టార్‌ఫిష్‌ను ‘నక్షత్ర చేప’ అని అనువదించిన క్షణంలోనే ఇంగ్లీషువారి పాత పొరపాటు మన భాషలో క్రొత్తగా పుట్టును. చేపలకు ఉదాహరణలిమ్మని అడిగితే విద్యార్థి దానినే వ్రాయును. ఉపాధ్యాయుడు మార్కు కొట్టివేయును. “పేరులోనే చేప ఉన్నదే!” అని పిల్లవాడు అడిగితే అది అల్లరి ప్రశ్న కాదు, న్యాయమైన ప్రశ్నే. ‘సముద్ర నక్షత్రం’ అనే మాట వాడినవారు ఈ గొడవను మొదటనే తప్పించినారు.

మార్కుతో పోయే నష్టం చిన్నది. ‘రింగ్‌వర్మ్’ అనే పేరు చూడండి. వర్మ్ అంటే పురుగు గదా అని నులిపురుగుల మందు మింగితే ఆ జబ్బు తగ్గదు. అది మన తామర. దానికి కారణం పురుగు కాదు, చర్మంపై పెరిగే ఒక శిలీంధ్రం. అయితే ఈ విషయంలో మనం ఇంగ్లీషువారిని ఎగతాళి చేయ వీలులేదు. మన ‘పురుగు’ అంతకంటె విశాలమైనది. పట్టుపురుగు, మిణుగురు పురుగు, కడుపులోని నులిపురుగు అన్నీ అందులోనివే. పల్లెలలో పాము కరిచినా పేరెత్తడానికి భయపడి “పురుగు ముట్టింది” అంటారు.

కీటక శాస్త్రజ్ఞులు ఇంగ్లీషు పేర్లకు ఒక చక్కని ఉపాయం కనిపెట్టినారు. పేరు నిజమైతే రెండు మాటలుగా విడదీసి, నిజం కాకపోతే కలిపి వ్రాస్తారు. నల్లి నిజంగా ‘బగ్’ల వర్గంలోనిదే గనుక ‘బెడ్ బగ్’ రెండు మాటలు. ఈగ ‘హౌస్ ఫ్లై’ కూడా అంతే. సీతాకోకచిలుక ఈగల వర్గం కాదు గనుక ‘బటర్‌ఫ్లై’ ఒకే మాట. ఇంగ్లీషు పాఠం, సైన్సు పాఠం ఒకే నల్లబల్లపై కలిసే చోటు ఇది.

వృక్షశాస్త్రంలోనూ ఇదే కథ. మెత్తని కండ గలిగి, టెంక లేక, అండాశయంనుండి ఏర్పడిన పండును శాస్త్రంలో ‘బెర్రీ’ అంటారు. ఆ లెక్కన టమాటా, వంకాయ, ద్రాక్ష, అరటిపండు బెర్రీలు. స్ట్రాబెర్రీ కాదు! దానిలో మనం తినేది ఉబ్బిన పుష్పాసనం. పైన గింజలవలె కనిపించేవే అసలు పండ్లు.

టమాటాపై కూడా ఒక వ్యాజ్యం నడిచినది. 1883 నాటి అమెరికా సుంకాల చట్టం ప్రకారం దిగుమతి అయ్యే కూరగాయలకు నూటికి పది సుంకం, పండ్లకు సుంకం లేదు. నిక్స్ అనే వర్తకులు టమాటా పండేనని వాదించి, కట్టిన సొమ్ము తిరిగి ఇమ్మన్నారు. 1893లో అక్కడి సుప్రీంకోర్టు, వృక్షశాస్త్రంలో అది పండేయైనా ప్రజల వాడుకలో భోజనంతో తినే కూరగాయ గనుక సుంకం చెల్లవలసినదేనని తీర్పు చెప్పినది. తెలుగువానికి ఈ తగవు కొంచెం వింతగా తోచును. ‘కూరగాయ’ అనే మాటలో వంటింటి ఉపయోగమూ ఉన్నది, మొక్కలో అది ఏ భాగమో చెప్పే ‘కాయ’యూ ఉన్నది. రెండు పక్షాలవారూ గెలిచి ఉండేవారు!

ఇక మళ్లీ చేప వద్దకు వస్తే, జ్యూరీవారిని సరిదిద్దిన శాస్త్రజ్ఞులకే ఇప్పుడు ఆ మాట ఇరుకున పడినది. వంశవృక్షాన్నిబట్టి వర్గీకరించే నేటి పద్ధతిలో చేపలన్నీ ఒకే కొమ్మకు చెందవు. ఆఫ్రికా నదులలోని ఊపిరితిత్తుల చేప మన గోదావరి పులసకంటె ఆవుకే దగ్గరి చుట్టం. చేపలన్నింటినీ ఒక వర్గమంటే ఆవునూ మనిషినీ కూడా అందులో చేర్చవలసి వచ్చును, తిమింగలాన్ని సరేసరి. పులస కొనడానికి వచ్చినవారు మాత్రం అమ్మేవానిని ఎప్పటివలెనే చేప ధర ఎంతని అడుగుతారు.